బిర్రబిగిసిన పడవ బరకం

ఈసారి ఈ శీర్షికకు విషయం నేను వెతుక్కోనక్కరలేకపోయింది. పూరీలో సముద్రపు ఒడ్డున మన తెలుగు మత్స్యకార కుటుంబాలుండే పెంటకోట నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరాన్ని సంపాదకులు నాకు పంపారు. అంచున పెన్సిలుతో "యానాంవారు మీరుండగా ఇంకెవర్ని అడగను?" అని ఒక ముక్క కూడా గీశారు. ఆ సోదరి ప్రశ్న ఇది: "మా మామగారి నాటి కాన్వాసు బరకం ఒకటి ఉంది. పడవ మీద కప్పేది. ఇప్పుడు అప్పడంలా పెళపెళమంటోంది. మడతపెడితే విరుగుతుందేమోనని భయం. పారెయ్యమంటారా, మెత్తబడే దారేమైనా ఉందా?"

పడవ లేనివాళ్ళు పేజీ తిప్పెయ్యకండి. మీ అటక మీద ఒక హోల్డాల్ ఉండే ఉంటుంది. రైలు ప్రయాణాల్లో పరుపు చుట్టుకుని బెల్టులు బిగించి మోసిన ఆ పాత హోల్డాల్ గుడ్డా, పడవ మీద కప్పే గుడ్డా ఒకటే. లారీ మీది టార్పాలు, దుకాణం ముందు ఎండకు దించే పరదా, మడతమంచం, ఎన్.సి.సి. కేంపుల గుడారం, అన్నీ ఆ కుటుంబంలోవే. షోలాపూర్, భివండీలలో మగ్గాల మధ్య పెరిగిన మనవాళ్ళకు ఈ బట్ట సంగతి నేను చెప్పబోవడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే అవుతుంది. లావు నూలు, పడుగూ పేకా దగ్గరగా కొట్టి నేసిన సాదా నేత. అంతకన్నా రహస్యమేమీ లేదు.

పేర్లు మాత్రం ఊరికొకటి. మా గోదావరి వైపు ధాన్యం కుప్ప మీద కప్పేదాన్నీ, పడవ మీద కప్పేదాన్నీ కూడా బరకం అనే అంటాం. తమిళనాట ఉన్నవాళ్ళకు కిత్తాన్ అంటే వెంటనే తెలుస్తుంది. టార్పాలిన్ అన్న ఇంగ్లీషు మాటలో ముందున్నది తారే. పూర్వం ఓడల మీద గుడ్డకు తారు పూసి వాన నుంచి కాపాడుకునేవారు, ఆ పేరు అలాగే నిలిచిపోయింది. కాన్వాసు అన్న మాట కన్నాబిస్ మొక్క పేరు నుంచి వచ్చింది. ముంబయి వాళ్ళకొక ముచ్చట: డంగరీ అని ఇంగ్లీషువాళ్ళు పిలిచే ముతక బట్ట పేరు మీ డోంగ్రీ నుంచి వెళ్ళిందే.

ఇక అసలు సంగతికి వద్దాం. మొదట చూడవలసింది అది నిజంగా నూలు కాన్వాసేనా అని. అంచు మడతలోంచి ఒక దారం లాగండి. పట్టకారుతో పట్టుకుని, పళ్ళెం మీద, అగ్గిపుల్లతో అంటించండి. కాగితం కాలిన వాసన వచ్చి, ముట్టుకుంటే రాలిపోయే బూడిద మిగిలితే నూలు. ముడుచుకుపోయి, కరిగి, గట్టి పూసలా మిగిలితే పాలిస్టరో నైలానో. గుడ్డ మీద నున్నటి ప్లాస్టిక్ పూత ఉండి అది బిగిసిపోయి ఉంటే, పైసా ఖర్చు పెట్టకండి. ఆ పూత మెత్తగా ఉండడానికి తయారీలోనే ఒక నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఏళ్ళ తరబడి ఎండకు అది కాస్తా బయటికి పోతుంది. పోయినదాన్ని ఇంట్లో మనం తిరిగి ఎక్కించలేం. పగుళ్ళు వచ్చిందాకా వాడుకుని వదిలెయ్యడమే.

నూలే అని తేలాక రెండో పరీక్ష, దబ్బనం పరీక్ష. దబ్బనం మొన గుడ్డలోకి నెమ్మదిగా గుచ్చండి. ప్రాణమున్న గుడ్డయితే దారాలు పక్కకు జరిగి దబ్బనానికి దారిస్తాయి. తీసేసి గోటితో గీస్తే చిల్లు ఇంచుమించు మూసుకుంటుంది. చివికిన గుడ్డయితే దారాలు టప్పుమని తెగుతాయి. మధ్యలో రెండు చోట్లా, అంచుల్లో నాలుగు చోట్లా, ముఖ్యంగా మడత పడిన గీతల మీదా చూడండి. ఈ పరీక్ష మానేసి నేరుగా నీళ్ళలో పెట్టేవాళ్ళు ఉంటారు. మెత్తబడడం వేరు, బలం రావడం వేరు. చివికినదాన్ని ఎంత మెత్తబరచినా అది మెత్తగా చిరుగుతుంది, అంతే.

ఇప్పుడు మా ఇంటి బరకం సంగతి చెప్పాలి. ఈ ఏడు వేసవిలో నేను దగ్గరుండి చేయించిన పని కాబట్టి, వట్టి చిట్కాలు చెప్పేకన్నా ఇది చెబితేనే మీకు ఎక్కువ పనికొస్తుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. మా యానాంలోనూ అంతే. ఆ రెండు నెలలూ పడవలు ఒడ్డు మీదే ఉంటాయి. సందులు పూడ్చుకోవడం, రంగులు వేసుకోవడం, వలలు బాగుచేసుకోవడం, అన్నీ అప్పుడే. ఒడ్డునున్న చెక్క పడవకు రెండు గండాలు. మే నెల ఎండకు పలకలు నెర్రెలిస్తాయి. జూన్ మొదట్లో పడే వాననీళ్ళు అడుగున నిలిస్తే చెక్క పుచ్చుతుంది. ఇక్కడొక విచిత్రముంది. సముద్రపు నీళ్ళకన్నా వాననీళ్ళే చెక్కకు ఎక్కువ చేటు. చెక్కను తినే బూజుకు ఉప్పు గిట్టదు, తియ్యనీళ్ళయితే పండగే. అందుకే పడవకు మీద గుడ్డ కావాలి.

మా ఆడపడుచు కొడుకుది వాళ్ళ నాన్న మిగిల్చిన చెక్క నావ. ఈ రోజుల్లో ఫైబరు పడవలు వచ్చేశాయి గాని, వాడికింకా అదే జీవనాధారం. ఆ నావ మీది బరకం మా మరిది తన చేత్తో కుట్టుకున్నది. 12 అడుగులకు 10 అడుగులు. రెండు గుడ్డలు కలిపే చోట అంచులు ఒకదాన్లో ఒకటి మడిచి రెండు వరసల కుట్టు, మైనం పట్టించిన దారంతో. చుట్టూ తాడు వేసి దానికి గుడ్డ అంచు చుట్టి కుట్టారు. నేను కుట్టుపని టీచరుగా బడిలో ముప్ఫయ్యేళ్ళు చేశాను. అంత సమానంగా పడిన చేతికుట్టు నా క్లాసులో ఒకరిద్దరికి మించి రాలేదు. ఆయన పోయాక ఆ బరకం షెడ్డులో ఓ మూల సిమెంటు నేల మీద మడతల్లో ఉండిపోయింది. 2022 జూలైలో వచ్చిన గోదావరి వరద షెడ్డులోకీ వచ్చింది. నీళ్ళు తీశాయి గాని ఒండ్రు తియ్యలేదు.

కుర్రవాడు ఏటా ఒక నీలం ప్లాస్టిక్ పట్టా కొని కప్పుతున్నాడు. చవకే. కానీ ఎండకు ఏడాది తిరిగేసరికి పీలికలవుతుంది. అంతకన్నా పెద్ద నష్టం మరోటుంది. దానికింద గాలాడదు. పగలు చెక్కలోంచి లేచిన తేమ రాత్రి పట్టా లోపలి వైపు చెమటలా పట్టి, తిరిగి చెక్క మీదే కారుతుంది. ఈ ఏడు సందులు పూడ్చడానికి వచ్చిన పడవ మేస్త్రి పై వరస పలక మీద వేలితో నొక్కి చూపించాడు. వేలు దిగింది. ఇంకో ఏడాది ఇలాగే కప్పితే రెండు పలకలు మార్చాలన్నాడు. పలకలు మార్చడమంటే అప్పు. కొత్త కాన్వాసు కొని కుట్టించడమన్నా అప్పే. మా ఆడపడుచు నా దగ్గరికొచ్చి కూర్చుంది. "వదినా, ఆయన కుట్టింది ఉంది కదా, అది పనికొస్తుందేమో చూడు" అంది. కొడుక్కి నమ్మకం లేదు. "అత్తా, అది రేకులా అయిపోయింది. నిలబెడితే గోడలా నిలబడుతుంది. కాలవలో పడేద్దాం" అన్నాడు.

నిజంగానే నిలబడింది. దబ్బనం పట్టుకుని నేనే చూశాను. అడుగు మడతలో జానెడు మేర చివికిపోయింది. మిగతాదంతా దారాలు పక్కకు జరిగాయి, తెగలేదు. "ఒరేయ్, ఇది చావలేదురా, బురద మింగి పడుకుంది" అన్నాను.

కాన్వాసు బిగుసుకుపోవడానికి వయసొక్కటే కారణమనుకుంటాం. ఎక్కువసార్లు కారణం దాని పొట్టలో ఉన్న సరుకు. ఒకటి ఉప్పు. ఎండినప్పుడు పలుకులై దారాల మధ్య గట్టిపడుతుంది, గాలిలో తేమ ఉన్నప్పుడు నీటిని లాక్కుని గుడ్డను ఆరనివ్వదు. రెండు ఒండ్రు, సన్నటి బంకమట్టి. మూడు బూజు. నాలుగు పాత నూనె, మైనం. మైనం పట్టించిన గుడ్డ చలికి బిగుస్తుంది, ఎండలో అరగంట పెడితే వంగుతుంది. అలా వంగితే దాని జోలికి పోనక్కరలేదు. అవిసె నూనె పట్టించినదైతే కథ వేరు. ఆ నూనె గాలిని పీల్చుకుని వార్నిషు పొరలా గట్టిపడుతుంది. పాత పెయింటు వాసన వేస్తుంటే అదే అనుకోండి. ఆ పొర నీళ్ళకు పోదు, కొంతవరకు నలిపి విరచగలమంతే. అందుచేత మెత్తబరచడమంటే గుడ్డకు ఏదో పట్టించడం కాదు, లోపలున్నదాన్ని బయటికి రప్పించడం. ఈ మాట గట్టిగా ఎందుకంటున్నానంటే, బిగుసుకున్న గుడ్డను చూడగానే నూనె సీసా అందుకునేవాళ్ళే ఎక్కువ.

మా పని మే మొదటి వారంలో మొదలుపెట్టాం. మొదటిరోజు నీళ్ళు ముట్టుకోలేదు. ఆరుబయట వెదురు గెడల మీద పరిచి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మెత్తటి బ్రష్షుతో పొడిగా దులిపించాను. బూజు పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. ఆయాసం ఉన్నవాళ్ళు ఆ దగ్గర్లో ఉండకూడదు. బిగిసిన మడతను బలవంతాన విప్పకండి, అక్కడే విరుగుతుంది. విప్పుకున్నంతవరకే విప్పి, తక్కినదానిమీద తడిగుడ్డ వేసి ఒక పూట ఉంచితే తనంతట తనే వదులవుతుంది.

రెండోరోజు నానబెట్టడం. మా కుర్రవాడు "ఎదురుగా ఏరుంది కదత్తా, తాడు కట్టి వదిలేద్దాం" అన్నాడు. వేసవిలో మా దగ్గర గౌతమిలో పోటుకు సముద్రపు నీరు పైకెక్కుతుంది. ఉప్పు తియ్యడానికి ఉప్పునీళ్ళలో ముంచడమవుతుంది. తియ్యనీళ్ళే కావాలి. మంచినీళ్ళు దొరకని చోట కాస్త ఆగి, తొలకరి వానలో నాలుగు గెడల మీద వదులుగా పరచినా ఆ వాననీరే సగం పని చేసిపెడుతుంది. మేము సిమెంటు తొట్టిలో నానబెట్టాం. పూటకోసారి నీళ్ళు మార్చాం. మొదటి నీళ్ళు టీ డికాషన్‌లా వచ్చాయి. ఉప్పు పోయిందో లేదో తెలుసుకోవడానికి నాలుక మీద వేసుకోకండి, అందులో ఏమేమున్నాయో దేవుడికే తెలుసు. స్టీలు పళ్ళెంలో ఒక చెంచా ఆ నీళ్ళు, పక్కన మరో పళ్ళెంలో ఒక చెంచా మామూలు నీళ్ళు పోసి ఎండలో పెట్టండి. ఆరాక మొదటి దాన్లో తెల్లటి పొర ఎక్కువగా మిగిలితే ఇంకా ఉప్పుందన్నమాట. మాకు అయిదోసారికి రెండు పళ్ళేలూ ఒకేలా ఉన్నాయి.

ఒక జాగ్రత్త. ఆ కొలతల బరకం పొడిగా ఉన్నప్పుడే సుమారు అయిదారు కిలోలుంటుంది. తడిస్తే రెట్టింపుకు మించుతుంది. ఒక్కరే ఒక మూల పట్టుకుని తొట్టిలోంచి లాగితే నడుమూ పోతుంది, కుట్టూ పోతుంది. ఇద్దరు కావాలి, మధ్యకు చేతులు వేసి ఎత్తాలి.

రుద్దడానికి కుంకుడుకాయలు. అరకిలో కాయలు గింజలు తీసి రాత్రంతా నానబెట్టి, మర్నాడు కాచి, పిసికి వడకట్టిన రసం. లేత రంగు గుడ్డ అయితే ముందు ఓ మూల రాసి చూసుకోండి, కాస్త మరక పట్టవచ్చు. బల్ల మీద పరచి, గోరువెచ్చని రసంతో, నేత వాలునే బ్రష్షు నడపాలి. వాషింగు పౌడరు వద్దంటాను. మురికి పోదని కాదు. దాని పొర ఏమాత్రం గుడ్డలో మిగిలినా ఆ గుడ్డ నీటిని తోసెయ్యడం మాని పీల్చుకోవడం మొదలుపెడుతుంది. బండకేసి బాదడం, మెషీన్లో వెయ్యడం, వేడినీళ్ళు, మూడూ వద్దు. నూలు కాన్వాసు ఎలాగూ కొంత కుదించుకుపోతుంది. వేడినీళ్ళయితే మరీను. అప్పుడు పడవకు చాలదు.

బూజు మచ్చలకు ఒక వంతు తెల్ల వెనిగరు, నాలుగు వంతుల నీళ్ళు కలిపి, స్పాంజితో అద్ది అరగంట ఉంచి, బాగా జాడించాం. బూజు చచ్చింది గాని నల్ల మచ్చలు పోలేదు. పోవు కూడా. మచ్చ పోగొట్టాలన్న పట్టుదల ఉన్నవాళ్ళు బ్లీచింగు పౌడరు మీద పడతారు. మా వీధిలో ఒకాయన లారీ టార్పాలుకు అలాగే చేశాడు. మల్లెపువ్వులా తెల్లబడింది. రెండో వానకు నడుమ చీలింది. బ్లీచింగు నూలు దారాన్నే కొరుకుతుంది. పైగా బ్లీచింగూ వెనిగరూ కలిస్తే విషవాయువు పుడుతుంది. ఆ రెంటినీ ఒక్క బకెట్లో, ఒక్క గుడ్డ మీద ఎప్పుడూ కలవనివ్వకండి. ఇనుప రింగుల చుట్టూ తుప్పు మరకలకు నిమ్మరసం, ఉప్పు చాలు. పులుపు గుడ్డలోనే ఎండిపోకుండా వెంటనే కడిగెయ్యాలి.

ఇక అసలైన మెత్తబరచడం. దీనికి సామాను ఏమీ అక్కరలేదు, నలుగురు మనుషులు చాలు. గుడ్డ పూర్తిగా ఆరకముందు, చేతికి చల్లగా తగిలే తేమ ఉండగా మొదలుపెట్టాలి. ఎదురెదురు మూలలు ఇద్దరు పట్టుకుని ఐమూలగా లాగాలి. ఒకసారి ఇటు మూలలు, ఒకసారి అటు మూలలు. పడుగుకూ పేకకూ మధ్య అతుక్కున్న ముడి అలా లాగితేనే వదులుతుంది, నిలువుగా లాగితే కాదు. గంజి పెట్టిన చీరను మడిచే ముందు మన అమ్మలు ఇద్దరు నిలబడి లాగేవారే, అదే పద్ధతి. తరవాత నున్నటి దుంగ మీదుగా గుడ్డ వేసి, ఇటొకరు అటొకరు పట్టుకుని, తాడు చిలికినట్టు ఇటూ అటూ లాగాలి. గరుకు దుంగ పనికిరాదు. మేము పాత రోకలిని రెండు స్టూళ్ళకు కట్టి వాడాం. మొదటి పావుగంటలో లోపల మిగిలిన ఒండ్రు పొడిలా రాలింది. చూస్తూ ఉండగానే గుడ్డ స్వరం మారింది. పెళపెళ పోయి బరబర అయింది. అప్పటిదాకా మొక్కుబడిగా లాగుతున్న కుర్రవాడు రోకలి దగ్గర ఆగి, కుట్టు మీద వేలు పెట్టి చూసుకున్నాడు. "ఒక్క కుట్టు కూడా వదల్లేదత్తా" అన్నాడు. వాడి అమ్మ మాట్లాడలేదు, లోపలికెళ్ళి మజ్జిగ కలుపుకొచ్చింది.

రెండు రోజులు పొద్దునా సాయంత్రం ఇదే పని. ఎంత మెత్తబడిందంటారా? లాల్చీ గుడ్డలా కాలేదు. కాకూడదు కూడా. కొత్త గోనెసంచిలా, చెప్పిన చోట వంగి, వదిలితే లేచేటట్టయింది. చివికిన జానెడు కత్తిరించి, అదే మందం నూలు గుడ్డతో అతుకు వేశాను. మిషను కుట్టు వెయ్యలేదు. సూది మరీ దగ్గర దగ్గరగా పొడిస్తే పాత గుడ్డ ఆ గీత వెంబడి కాగితంలా విడిపోతుంది.

కొందరు ఆముదం, కొబ్బరినూనె, పాత ఇంజను ఆయిలు పూస్తారు. వారం రోజులు మెత్తగానే ఉంటుంది, ఆ తరవాత దుమ్మంతా పట్టి మొదటికన్నా అధ్వాన్నం. గ్లిజరిను గాలిలో తడిని లాగి బూజును పిలుస్తుంది. అవిసె నూనె గురించి మాత్రం భయపెట్టే చెబుతాను. ఆ నూనె గాలితో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. కొత్తగా నూనె పట్టించిన గుడ్డగాని, నూనె తుడిచిన పీలికలుగాని కుప్పగా మూలన పడేస్తే, ఆ వేడి బయటికి పోలేక ఎవరూ అగ్గిపుల్ల గియ్యకుండానే అంటుకోవచ్చు. అలాంటి పీలికలు విడివిడిగా పరచి ఆరబెట్టాలి.

ఇంత కడిగాక గుడ్డలో ఉన్న పాత మైనం కూడా చాలావరకు పోతుంది. వాన ఆపాలంటే తిరిగి పట్టించాలి. మైనం పద్ధతి ఉంది గాని అది మళ్ళీ కొంత బిగుతు తెస్తుంది. టర్పెంటైనులో మైనం కరిగించి పూయమని చెప్పేవాళ్ళు పొయ్యి పక్కన ఆ పని ఎంత ప్రమాదమో చెప్పరు. నేను పటిక, సబ్బు పద్ధతి ఎంచుకున్నాను. అరకిలో బట్టల సబ్బు తురిమి 8 లీటర్ల వేడినీళ్ళలో కరిగించాలి. అది నిజమైన సబ్బు కావాలి, డిటర్జెంటు బిళ్ళ పనికిరాదు. చల్లారి గోరువెచ్చనయ్యాక గుడ్డను అందులో ముంచి, నీరు కారనిచ్చి, సగం ఆరనివ్వాలి. వేరే తొట్టిలో 8 లీటర్ల నీళ్ళకు పావుకిలో పటిక పొడి. సగం ఆరిన గుడ్డను అందులో కొన్ని గంటలు ఉంచాలి. సబ్బూ పటికా కలిసి దారాల లోపలే నీటికి కరగని ఒక జిడ్డు పదార్థంగా మారతాయి. నీటి బొట్టు నిలుస్తుంది, గాలి మాత్రం ఆడుతుంది. ఒకసారి పైపైన జాడించి నీడన ఆరబెట్టాలి. కుట్ల మీద మాత్రం ఎండలో వేడెక్కిన గుడ్డపై తేనెమైనం ముద్దతో రుద్దాను. సూది చిల్లుల్లోంచే ముందు కారుతుంది కదా.

వాన గురించి మా ఊరివాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 6 తుపాను రాత్రి మా వీధిలో పైకప్పులు లేచిపోయాయి. తెల్లారాక పడవల మీది బరకాలే రెండు వారాలు చంటిపిల్లల మీద కప్పయ్యాయి. అప్పటినుంచీ నాకు బరకమంటే పడవ సామాను అని తోచదు, ఇంటి సామాను అనే అనిపిస్తుంది.

జూన్ మొదటి వారంలో నావ మీద కట్టాం. కట్టేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని. మధ్యలో వెదురు గెడ నిలువునా వేసి గుడ్డను ఇంటికప్పులా వాలుగా దించాలి. పల్లం ఉంటే అక్కడ నీళ్ళు నిలిచి, ఎంత మంచి గుడ్డయినా ఊరుతుంది. ముందూ వెనకా జానెడు జానెడు గాలి పోయే దారి ఉంచాలి. తాళ్ళు బిర్రుగా కట్టకూడదు. తడిస్తే నూలు దారం ఉబ్బి గుడ్డ కుదించుకుంటుంది, నూలు తాడూ అంతే. రెండూ కలిసి రింగులు ఊడబెరుకుతాయి. మొదటి వానకు లోపల చెయ్యి పెట్టి చూశాం. గుడ్డ లోపలి వైపు చల్లగా ఉంది, తడి లేదు. పై వరస పలక ఈ ఏటికి మార్చనక్కరలేదని మేస్త్రి అన్నాడు, వచ్చే ఏటి మాట వచ్చే ఏడు చూద్దామన్నాడు.

పని లేని రోజుల్లో దాన్ని మడవకండి, వెదురు గెడకు చుట్టండి. తడి ఒక్క పిసరున్నా చుట్టకండి. సిమెంటు నేల మీద పెట్టకుండా అటక మీదో దూలానికో వేలాడదీస్తే ఎలుకల బాధా తక్కువ.

పెంటకోట సోదరికి ఒక మాట. మీది సముద్రపు ఒడ్డు కాబట్టి ఒండ్రు బదులు ఇసుక ఉంటుంది. కుట్టు మడతల్లో చేరిన ఇసుక, లాగేటప్పుడు ఆకురాయిలా దారాన్ని కోస్తుంది. నీళ్ళలో పెట్టే ముందే బోర్లా వేలాడదీసి, వెనకనుంచి అరచేత్తో తట్టి రాలగొట్టండి. పాత సైన్యం సరుకు అయి, ఆకుపచ్చ ఛాయ ఉంటే, బూజు పట్టకుండా దానికి రాగి మందు పట్టించి ఉండవచ్చు. కడిగిన నీళ్ళు చెరువులోకీ చేపల తొట్టిలోకీ పోనివ్వకండి, చేతులకు తొడుగులు వేసుకోండి. మీ మామగారు దానికి నూనె పట్టించారో మైనం పట్టించారో మీ ఉత్తరంలో లేదు. అంచులోంచి వేలెడు పీలిక కత్తిరించి కవరులో పెట్టి సంపాదకుల చిరునామాకు పంపండి. వాసన చూసి, దబ్బనం గుచ్చి చూసి, వచ్చే సంచికలో రాస్తాను.